ఏడు చిటికెలకు ఇరవై రెండు బారలు

మబ్బులకు పైన, నడిమధ్యాహ్నపు ఎండ కూడా పలచబడి పాలలా కనిపించే చోట, ధూమకంఠుడనే మాంత్రికుడి కోట ఉంది. పాలరాతి గోడలు, పగడాల గడపలు, ఆవులిస్తున్న సింహాల నోళ్ళలోంచి జారే సన్నటి నీటి ధారలు, ఆ ధారల పక్కన రెక్కలు ముడుచుకుని నిలబడ్డ తెల్ల నెమళ్ళు! ఏం చెప్పమంటారు, చూసినవాడు చూస్తూ ఉండిపోవలసిందే. అక్కడ గాలి కూడా ఎవరినో లేపుతానేమోనని భయపడుతున్నట్టు మెల్లగా వీస్తుంది.

ఆ కోట గుమ్మం ముందుకు ఒక కుమ్మరి, అతడి పనివాడు, వాళ్ళ వెనకే ఒక గాడిద వచ్చి ఆగారు. గాడిద మీద కుండలు చేసే సారె, మెత్తగా తొక్కిన మట్టి ముద్దలు ఉన్నాయి. కుమ్మరి నిజమైన కుమ్మరే, పేరు బాచన. పనివాడు మాత్రం పనివాడు కాడు. శంఖవర రాజ్యానికి యువరాజు జయంతసేనుడు. వేషం కుదరాలని బంగారు కుండలాలు తీసేశాడు, మీసాలు గొరిగించుకున్నాడు, ఒంటినిండా బురద పూసుకున్నాడు. కానీ ఏ రాతిమీద కూర్చోబోయినా ముందు పైగుడ్డతో దులుపుకునే అలవాటు మాత్రం ఎక్కడ పోతుంది?

"ఒరే కోటిగా, సారె దించరా!" అన్నాడు బాచన గట్టిగా, కాపలావాళ్ళు వినేలా.

యువరాజు మొహం కందగడ్డ అయింది. "కోటలోంచి బయటపడ్డాక ఈ 'ఒరే'లన్నీ లెక్కపెట్టి మరీ నీ వీపు మీద తీరుస్తాను" అని పళ్ళ సందున గొణిగి, సారె దించాడు.

"అలాగే దొరా. ముందు బయటపడదాం" అన్నాడు బాచన.

ఇద్దరి కళ్ళూ ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఉండవా మరి! పదిహేను రోజులుగా వాళ్ళ కంటిమీద కునుకు లేదు. వాళ్ళకే కాదు, శంఖవర రాజ్యంలో పుట్టిన ఏ మనిషికీ లేదు. పదిహేను రోజుల కిందట ధూమకంఠుడు నల్ల మేఘమెక్కి వచ్చి, ఒక్క గుక్కలో ఆ రాజ్యం మొత్తం నిద్రను పీల్చి, మూటగట్టి పట్టుకుపోయాడు. జంతువుల జోలికి మాత్రం వెళ్ళలేదు. అందుకే గాడిద హాయిగా నిలబడే కునుకు తీస్తోంది. యువరాజంతటివాడు ఆ గాడిద వంక ఈర్ష్యగా చూశాడు.

బాచనకు రాజ్యం సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో మూడు నెలల కూతురుంది. పేరు చుక్క. పదిహేను రోజులుగా రెప్ప వేయకుండా ఇంటి కప్పు వంక చూస్తోంది. మొదట ఏడ్చింది, తర్వాత ఏడవడానికి కూడా ఓపిక లేక మానేసింది. వైద్యుడు నాడి చూసి, "పెద్దవాళ్ళు ఇంకో నెల తట్టుకుంటారు. పసిగుడ్డు తట్టుకోలేదు. పదిహేనో రోజు దీపాలు పెట్టే వేళకల్లా నిద్ర పట్టకపోతే బిడ్డ దక్కదు" అని చెప్పాడు. ఆ పదిహేనో రోజు ఇవాళే. పొద్దు అప్పుడే పడమటికి వాలుతోంది.

దొంగిలించిన నిద్రను నింపి దాచుకోవడానికి ధూమకంఠుడికి జాడీలు కావలసివచ్చాయి. కుమ్మరి కోసం కబురు పంపాడు. అదీ వీళ్ళు లోపలికి రాగలిగిన దారి.

తలుపు తీసింది ఒక ముసలమ్మ. తలంతా ముగ్గుబుట్ట, నడుం వంగిపోయింది, కళ్ళు మాత్రం పదేళ్ళ పిల్ల కళ్ళలా మెరుస్తున్నాయి. పేరు సంపెంగవ్వ. మాంత్రికుడు ఆమెను నలభై ఏళ్ళ కిందట ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి, ఒక ఉయ్యాల తొట్టి ముందు కూర్చోబెట్టి, జోల పాడమని శాపం పెట్టాడు. నడిచినా, మాట్లాడినా, ఆమె కుడిచేయి జోలకు చిటికె వేస్తూనే ఉంటుంది. అది ఆగదు.

"రాండ్రా నాయనా, రాండి. ఆయన పొద్దుగుంకేసరికి వస్తాడు. ఆలోపు నాలుగు జాడీలైనా చేసి పెట్టండి. లేకుంటే నా నెత్తిన కూర్చుంటాడు" అంటూ అవ్వ ముందు నడిచింది. నడుస్తూ నడుస్తూ యువరాజు చేతులవంక ఓరకంట చూసి, "ఈ అబ్బి ఎప్పుడైనా మట్టి ముట్టినాడా? గోళ్ళు చూస్తే గంధం తీసినట్టున్నాయే!" అంది.

యువరాజు చేతులు వెనక్కి దాచుకున్నాడు. బాచన తల వంచుకుని నవ్వాపుకున్నాడు.

అవ్వ వాళ్ళను తీసుకెళ్ళిన మందిరం చూడగానే ఇద్దరికీ అడుగు పడలేదు. దాని కప్పు ఇరవై బారల ఎత్తున ఎక్కడో పొగలో కలిసిపోయింది. పడమటి గోడ నిండా గవాక్షాలు. వాటిలోంచి ఎండ అడ్డంగా దూరివచ్చి తూర్పు గోడను పసుపు రాసినట్టు వెలిగిస్తోంది. గోడలమీద చెక్కిన చేపలు ఈదుతున్నాయో, నిద్రలేని కళ్ళకు అలా తోస్తోందో తెలియడం లేదు. నేల మీద బారెడు పొడవు, బారెడు వెడల్పు ఉన్న నల్లరాతి పలకలు పరిచి ఉన్నాయి. ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, రెండు గోతులు. వాటిలోకి తొంగిచూస్తే అడుగు కనబడదు, మబ్బులు కదులుతుంటాయి.

ఆ పొగలోంచి దిగిన పొడవాటి బంగారు గొలుసుకు వేలాడుతూ, పడవంత తొట్టి ఒకటి ఊగుతోంది. దక్షిణపు గోతి మీదికి పోయి ఆగుతుంది. ఏదో మరిచిపోయి గుర్తుతెచ్చుకున్నట్టు మెల్లగా వెనుదిరుగుతుంది. నడుమకొచ్చేసరికి ఝమ్మని ఉరుకుతుంది. ఉత్తరపు గోతి మీద మళ్ళీ నెమ్మదించి, ఆగి, తిరుగుతుంది. దాని అంచు చుట్టూ నూట ఎనిమిది గజ్జెలు ఉన్నాయి. ఒక్కటీ మోగడం లేదు.

తొట్టి దారికి అటూ ఇటూ మనుషులు పడి నిద్రపోతున్నారు. కవచాలు తొడుక్కున్నవాళ్ళు, జడలు కట్టిన మునులు, కత్తి ఒరలోంచి సగం దూసినవాళ్ళు. అందరి పెదవుల మీదా ఒకటే చిరునవ్వు. కొందరి గడ్డాల్లో పిచ్చుకలు గూళ్ళు కట్టుకున్నాయి.

"ఎవరమ్మా వీళ్ళంతా?" అన్నాడు బాచన.

"మీలాంటివాళ్ళే. ఆయన ఏ రాజ్యపు నిద్ర ఎత్తుకొచ్చినా దాన్ని విడిపించుకుపోదామని ఎవడో ఒకడు వస్తాడు." అవ్వ చిటికె వేస్తూనే ఇద్దరి వంకా తేరిపార చూసింది. "మీరూ అందుకేగా వచ్చింది? దాచకండి. నిద్ర ఉన్న కళ్ళేవో లేని కళ్ళేవో నాకు తెలియదా? ఆయనతో చెప్పన్లే. తొట్టి సంగతి అడిగినవాడికి చెప్పకూడదని నాతో ఎవరూ ఒట్టు వేయించలేదు."

ఆమె చెప్పింది ఇది. నిద్ర మూట ఆ తొట్టిలో ఉంది. తొట్టి చివర్లలో ఆగినప్పుడు ఎక్కుదామంటే కింద గోయి, అందదు. నేల ఉన్నది నడుమనే. నడుమనేమో తొట్టి ఉరుకుతూ ఉంటుంది. అక్కడ ఎక్కేవాడు సరిగ్గా తొట్టి ఎంత వేగంగా పోతోందో అంతే వేగంగా పక్కన పరుగెత్తుతూ ఎక్కాలి. కాస్త తగ్గినా, కాస్త పెరిగినా తొట్టి కుదుపుకుంటుంది, గజ్జెలు మోగుతాయి. మోగితే లోపలి నిద్ర ఒలుకుతుంది.

"వెయ్యిమంది నిద్ర ఒక్కడి నెత్తిన పడితే వాడింక లేస్తాడా, మీరే చెప్పండి" అంది అవ్వ.

జయంతసేనుడు నడుం బిగించాడు. "ఇంతేనా! పరుగున లేడిని పట్టుకున్నవాణ్ణి నేను. నాకిదో లెక్కా?" అంటూ పలకలు లెక్కపెట్టాడు. తొట్టి ఆ చివర ఆగే చోటినుంచి ఈ చివర ఆగే చోటి వరకు, గోతులతో కలిపి, పన్నెండు బారలు. అవ్వ చిటికెలు లెక్కపెట్టాడు. అటునుంచి ఇటు రావడానికి ఆరు చిటికెలు, మళ్ళీ అటు పోవడానికి ఆరు.

"ఆరు చిటికెలకు పన్నెండు బారలు. చిటికెకు రెండు బారలు. చూశావా కుమ్మరీ, రాజకుమారులకు గురువుల దగ్గర గణితం నేర్పేది ఇందుకే!"

బాచనకు ఏదో నచ్చలేదు. ఏది నచ్చలేదో చెప్పడానికి మాట దొరకలేదు. నిద్రలేని బుర్రలో ఆలోచనలు నీళ్ళలో పడ్డ మట్టిలా కరిగిపోతున్నాయి. "దొరా, కాస్త ఆగితే..." అనేలోపే యువరాజు పరుగందుకున్నాడు.

పరుగు మాత్రం చూడముచ్చటగా ఉంది సుమండీ! చిటికెకు రెండు బారలు, వీసం తేడా లేదు. దక్షిణాన్నుంచి తొట్టి వచ్చింది. నడిమి పలక మీద యువరాజు చేయి చాచి అంచు పట్టుకున్నాడు. మరుక్షణం చెయ్యి ఊడిపోయినంత పనైంది. తొట్టి అతణ్ణి ఈడ్చి, విసిరి, నాలుగు పలకల అవతల పారేసి తన దారిన తాను పోయింది. గజ్జెలు ఘల్లుమన్నాయి. నీలిరంగు పొగ సోలెడు ఒలికి అతడి మీద పడింది.

"కుమ్మరీ, నా లెక్క..." అంటూ లేవబోయిన జయంతసేనుడు, చెంప కింద చేయి పెట్టుకుని, చిరునవ్వు నవ్వి, గాఢనిద్రలోకి జారిపోయాడు.

బాచన పరుగున పోయి భుజాలు పట్టి కుదిపాడు. "దొరా! దొరా! ఒరే కోటిగా!" ఎంత పిలిచినా పలకలేదు. నాలుగు రోజులుగా దారిలో తనను తిడుతూ, తన జొన్నరొట్టెలో సగం తింటూ, రాత్రిళ్ళు తనతోపాటు మేలుకుని నక్షత్రాలు చూపించిన మనిషి.

"పాపం, పప్పులో కాలేశాడు" అంది అవ్వ. "వచ్చినవాళ్ళంతా చేసేది ఇదే లెక్క."

"లెక్క తప్పా అవ్వా?"

"తప్పు కాదురా. పన్నెండు బారలూ నిజమే, ఆరు చిటికెలూ నిజమే. అయితే తొట్టి దారంతా ఒకే నడక నడవదు కదా! చివర్లలో బద్ధకంగా కదులుతుంది. అక్కడ పోగొట్టుకున్నదంతా నడుమ పూడ్చుకుంటుంది. కాబట్టి నడుమ చిటికెకు రెండు బారలకన్నా ఎక్కువే పోతుంది. ఎంత ఎక్కువ అని అడక్కు. నలభై ఏళ్ళుగా చూస్తున్నా నాకు తెలీదు."

నడిమి పలక ఒక్కదాన్నీ దాటడానికి ఎంతసేపు పడుతుందో చూద్దామని బాచన పక్కన కూర్చుని కన్నార్పకుండా చూశాడు. తొట్టి వచ్చింది, పోయింది. చిటికె మొదలయ్యేలోపే అయిపోయింది. చిటికెలో ముక్కను కొలవడానికి ఏ సాధనం ఉంది? పదిసార్లు చూశాడు. పదిసార్లూ ఏమీ తేలలేదు. తూర్పు గోడ మీది ఎండ పసుపు నుంచి నారింజకు తిరుగుతోంది. ఇంటి దగ్గర భార్య పోలమ్మ బిడ్డను భుజాన వేసుకుని గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. దీపం పెట్టాలంటే చేతులు రాక నిలబడి ఉంటుంది.

"ఏడుస్తూ కూర్చుంటే జాడీలు అవుతాయట్రా?" అంది అవ్వ, కసురుతున్నట్టే. "చెయ్యి ఆడుతుంటే బుర్ర ఆడుతుంది. కూర్చో సారె దగ్గర."

బాచన సారెను పడమటి గవాక్షాల వైపు, వెలుగుకు ఎదురుగా నిలబెట్టాడు. ముద్ద పెట్టాడు. సారె అంచు దగ్గర గుంటలో కర్ర గుచ్చి, గిర్రున తిప్పాడు. తిప్పి, కర్ర తియ్యడం మరిచిపోయాడు!

కుమ్మరి ఇళ్ళలో ఐదేళ్ళ పిల్లలు చేసే తప్పు అది. సారెలో కర్ర వదిలేస్తే మెటికలు విరుగుతాయి. బాచన చిన్నప్పుడు ఒక్కసారి చేశాడు, తాత చెవి మెలేసి నాలుగు రోజులు సారె ముట్టనివ్వలేదు. పదిహేను రోజుల నిద్రలేమి మళ్ళీ అతణ్ణి ఐదేళ్ళవాణ్ణి చేసింది. కర్ర గుండ్రంగా తిరిగివచ్చి చేతికి ఠంగున తగిలింది. "అబ్బా!" అని చేయి విదిలించి, కర్ర పీకేద్దామని వంగినవాడు, తూర్పు గోడ వంక చూసి అలాగే ఉండిపోయాడు.

గోడ మీద కర్ర నీడ ఉంది. కర్ర గుండ్రంగా తిరుగుతోంది, నీడ మాత్రం గుండ్రంగా తిరగడం లేదు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఊగుతోంది! చివర్లలో నెమ్మదించి, ఆగి, వెనుదిరుగుతోంది. నడుమ ఝమ్మని ఉరుకుతోంది. దాని పైన అదే గోడ మీద తొట్టి నీడ కూడా ఊగుతోంది.

బాచన అరచేయి ఆనించి సారె వేగం తగ్గించాడు. అవ్వ పన్నెండు చిటికెలు వేసేలోపు సరిగ్గా ఒక్క చుట్టు తిరిగేలా మెల్లగా తోస్తూ పోయాడు. ఇప్పుడు పైన పెద్ద నీడ, కింద చిన్న నీడ, రెండూ కలిసి బయలుదేరుతున్నాయి, కలిసి ఉరుకుతున్నాయి, కలిసి ఆగుతున్నాయి. తల్లి వెనక పిల్ల నడిచినట్టుంది.

"అవ్వా! అవ్వా! ఇటు చూడు!" అని అరిచాడు బాచన. "నీడ ఆగుతోంది గానీ కర్ర ఆగడం లేదే! కర్రది ఎప్పుడూ ఒకటే పరుగు. చివర్లలో అది గోడ నుంచి దూరంగానో దగ్గరగానో పోతోంది, అందుకని నీడకు కదలిక లేదు. నడుమకొచ్చినప్పుడు కర్ర గోడ వెంబడే తిన్నగా పోతోంది. అప్పుడు నీడ పరుగూ కర్ర పరుగూ ఒకటే! నీడ అంతకన్నా వేగంగా ఇంకెక్కడా పోదు!"

"అయితే?" అంది అవ్వ. చిటికె వేసే చేయి తప్ప ఆమె ఒళ్ళంతా కదలడం మానేసింది.

"తొట్టి కూడా ఏదో పెద్ద సారె మీది కర్రకు నీడ అనుకో. ఎంత సారె? తొట్టి ఊగే పన్నెండు బారలే దాని అడ్డం. పన్నెండు చిటికెలకు ఒక చుట్టు. ఆ సారె అంచు పరుగెంతో, నడుమ తొట్టి పరుగు అంత!"

"చుట్టు ఎంతని కొలుస్తావు? అంత సారె ఎక్కడుంది?"

బాచన నవ్వాడు. పదిహేను రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "కుమ్మరిని పట్టుకుని చుట్టుకొలత అడుగుతావా అవ్వా! మూతి అడ్డం ఏడు జానలుంటే దాని చుట్టూ కట్టే తాడు ఇరవై రెండు జానలు. మా ఇళ్ళలో మాటలు రాకముందే ఇది వస్తుంది. అడ్డం పన్నెండు బారలు, చుట్టడానికి పన్నెండు చిటికెలు. రెండూ ఒకటే సంఖ్య గనక పని ఇంకా తేలిక, అడ్డంలో ఒక్కో బారకు ఒక్కో చిటికె. అంటే ఏడు చిటికెలకు ఇరవై రెండు బారలు! చిటికెకు మూడు బారలూ ఇంకాస్తా. మా దొర రెండు బారలు పరుగెత్తాడు. మూడో బార మరిచిపోయాడు."

లెక్క తేలింది. తేలితే సరా? చిటికెకు మూడు బారలూ ఇంకాస్తా అని నోటితో అనడం వేరు, కాళ్ళతో అనడం వేరు. ఆ 'ఇంకాస్త' తప్పితే గజ్జె మోగుతుంది. బాచన తొట్టి దారిని చూశాడు, సారెను చూశాడు, సారె కట్టి తెచ్చిన తాడును చూశాడు. చూసి, ఒక్క గంతు వేశాడు.

నడిమి పలక నుంచి పడమటికి ఆరు బారలు కొలిచి, సారె ఇరుసును అక్కడ పలకల సందులో పాతాడు. ఆరు బారల తాడు ఒక కొస ఇరుసుకు ఉచ్చు వేశాడు, రెండో కొస నడుముకు కట్టుకున్నాడు. తాడు బిగలాగి పట్టుకుని చుట్టూ తిరిగితే తూర్పు కొసన సరిగ్గా తొట్టి దారిని ఒరుసుకుంటూ పోతాడు. గోతులు రెండూ తొట్టి దారి చివర్లలో, అతడి చుట్టుకు దూరంగానే ఉండిపోయాయి. ఇప్పుడు మందిరమే సారె. కర్ర బాచన.

తొట్టి ఉత్తరపు చివర ఆగింది. బాచన తన చుట్టుకు ఉత్తరపు కొసన నిలబడి, అది కదలగానే కదిలాడు.

మొదటి చుట్టు. గోడ మీద అతడి నీడ తొట్టి నీడకు వెనకబడింది. తూర్పు కొసకు వచ్చేసరికి తొట్టి ఎప్పుడో దాటిపోయింది. రెండో చుట్టు. భయంతో అడుగులు జోరెక్కాయి, నీడ ముందుకు దూకింది. ఎక్కలేదు, ఎక్కకూడదు. ఎండ ఎర్రబడింది. గోడ మీది నీడలు పలచబడుతున్నాయి. బయట ఎక్కడో దూరాన శంఖం ఊదినట్టు చప్పుడైంది.

"ఆయన మేఘం దిగుతోందిరా అబ్బీ! తొందరపడు!" అని అరిచింది అవ్వ. వెంటనే, "కాదు, తొందరపడకు! నా చిటికె విను!" అంది.

బాచన కళ్ళు సగం మూసుకున్నాడు. లెక్క వదిలేశాడు. చిటికె మాత్రమే విన్నాడు. మూడో చుట్టులో కాళ్ళు తమంతట తామే సర్దుకున్నాయి. తాడు నడుమును గట్టిగా లాగుతోంది. గోడ మీద రెండు నీడలు ఒకదాన్నొకటి తాకాయి. కలిశాయి. తొట్టిలో మనిషి కూర్చున్నట్టు ఒక్క నీడ అయ్యాయి.

నాలుగో చుట్టు. ఉత్తరపు కొస దాటాడు. తూర్పుకు తిరుగుతున్నాడు. పక్కకు చూస్తే తొట్టి వస్తోంది. దగ్గరవుతోంది, దగ్గరవుతోంది. ఇక్కడే ఓ వింత జరిగింది. నడిమి పలక దగ్గర తొట్టి అతడి పక్కకు రాగానే అది ఆగిపోయినట్టు అనిపించింది! గోడలు, చేపలు, నిద్రపోతున్న వీరులు, గవాక్షాలు, అన్నీ గిర్రున వెనక్కి పరుగెడుతున్నాయి. తొట్టి మాత్రం గుమ్మంలో వేసిన మంచంలా ఎదురుగా నిలబడి ఉంది. బాచన నడుం ముడి లాగి తాడు విడిచాడు. అంచున చేయి వేశాడు. ఇంటి అరుగు ఎక్కినట్టు ఎక్కి కూర్చున్నాడు.

ఒక్క గజ్జె కూడా మోగలేదు.

"ఓరి నా తండ్రీ!" అని అవ్వ నోరెళ్ళబెట్టింది. ఆమె చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

తొట్టి అడుగున నీలిపట్టు మూట, ఒకే ఒక ముడితో ఉంది. చేయి ఆనిస్తే వెచ్చగా, మెల్లగా పైకీ కిందకీ ఊపిరి తీస్తోంది. బాచన ముడి మీద వేళ్ళు పెట్టాడు.

"ఆగరా!" అంది అవ్వ. "ఒక్కసారి విప్పితే ఇంక ఆ ముడి పడదు. ఎవరి నిద్ర వాళ్ళను వెతుక్కుంటూ పోతుంది. దగ్గరున్నవాళ్ళది ముందు. నీది కూడా అందులోనే ఉంది కదరా! పదిహేను రోజుల ఆకలి మీద ఉంటుంది. ముందు నీ మీదే పడుతుంది. ఆయన మెట్లెక్కుతున్నాడు. ఆయన తొట్టిలో, ఆయన కళ్ళముందు నిద్రపోతావట్రా? మూట పట్టుకుని ఇలాగే దూకు, పారిపో! ఊరికి పోయి విప్పుకో!"

"మా ఊరు నాలుగు రోజుల దారి అవ్వా" అన్నాడు బాచన.

కిందినుంచి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఒక్కో మెట్టుకు కోట అంతా ఒక్కోసారి అదురుతోంది. గోడ మీద ఎండ వేలెడంత మిగిలింది. ఊళ్ళో దీపాల వేళ.

బాచన ముడి విప్పాడు.

విప్పగానే తడిమట్టి వాసన వేస్తూ ఒక బరువైన నిద్ర అతడి రెప్పల మీదికి దూకింది. ఎంత హాయి! కుండలు కాల్చిన ఆవం మీద వెచ్చగా పడుకున్నంత హాయి! తల వాలిపోయింది. బాచన నాలుక కొరుక్కున్నాడు. నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది. రెండు చేతులూ మూటలోకి దూర్చి తవ్వాడు. పైన సేనాపతుల నిద్రలు, పల్లకీ మోసేవాళ్ళ నిద్రలు, లావుపాటి షావుకార్ల నిద్రలు. అవి ఒక్కొక్కటే లేచి, ఒళ్ళు విరుచుకుని, తీరిగ్గా గాలిలోకి పోతున్నాయి. అన్నిటికన్నా చిన్నది అన్నిటికన్నా అడుగున ఎక్కడో ఉంటుంది. తోశాడు. తవ్వాడు. రెప్పలు పడుతున్నాయి, లేపుతున్నాడు, పడుతున్నాయి.

వేళ్ళకు తగిలింది. గుప్పెడు కూడా లేదు. పాల వాసన, తలంటాక వేసే సాంబ్రాణి పొగ వాసన.

"చుక్కా!" అన్నాడు బాచన.

శంఖవరం ఉత్తరాన ఉంది. ఉత్తరపు గోడలో పెద్ద కిటికీ తెరిచి ఉంది. తొట్టి దక్షిణాన ఆగి, ఉత్తరానికి మళ్ళింది. ఇప్పుడే వదిలేస్తే చిన్నది తచ్చాడుతూ ఉండిపోతుంది. చివరకు పోయాక వదిలితే అక్కడ పరుగే ఉండదు. గుప్పెట బిగించి ఆగాడు. ఒక చిటికె. రెండు. తలుపు అవతల గడియ కదిలింది. మూడో చిటికెకు నడిమి పలక వచ్చింది. ఈ తొట్టి ఇంతకన్నా వేగంగా ఈ లోకంలో ఎక్కడా పోదు.

అక్కడ గుప్పెట తెరిచాడు.

చిన్ని నిద్ర బాణంలా కిటికీలోంచి దూసుకుపోయింది. షావుకార్లనూ సేనాపతులనూ అందరినీ దాటుకుని, ఎర్రటి మబ్బుల్లో కలిసిపోయింది.

"పోయిందా అవ్వా?"

"పోయింది నాయనా."

"చేరుతుందా?"

అవ్వ చిటికె వేసింది. ఇంకొకటి వేసింది. మూడోది. తల పక్కకు వంచి, ఉత్తరం వైపు చెవి ఒగ్గింది. నాలుగోది వేసి, మెల్లగా తలూపింది. "పడుకుందిరా. పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని పడుకుంది. ఎందరు బిడ్డల్ని పడుకోబెట్టినదాన్ని, నాకు తెలియదా!"

మందిరం తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. నల్లటి పొగను ఉత్తరీయంలా ఈడ్చుకుంటూ, నిప్పు కణికల్లాంటి కళ్ళతో ధూమకంఠుడు గడప మీద నిలబడ్డాడు. ఖాళీ మూటను చూశాడు. కిటికీలోంచి గుంపులు గుంపులుగా పోతున్న నిద్రలను చూశాడు. తొట్టిలో కూర్చున్న మట్టిచేతుల మనిషిని చూశాడు.

"ఎవడ్రా నువ్వు?" అని గర్జించాడు. నూట ఎనిమిది గజ్జెలూ ఒక్కసారిగా మోగాయి.

జవాబు చెబుదామని బాచన నోరు తెరిచాడు. మాటకు బదులు ఆవులింత వచ్చింది. అది పూర్తయ్యేలోపే మూటగుడ్డ మీద తల వాల్చి, మాంత్రికుడి కళ్ళెదుటే, గుర్రుపెట్టి నిద్రపోయాడు.